పదిహేడో రైఫిలు మీద నేను రాసిన రెండు నివేదికలు

1961 జూన్‌లో నన్ను నెల్లూరుకు ఆర్మరర్ హెడ్ కానిస్టేబులుగా వేశారు. ఆర్మరర్ అంటే పోలీసుల తుపాకులు పరీక్షించి, బాగుచేసి, పనికిరానివి పక్కన పెట్టేవాడు. మా నాయన వెంకటగిరి దగ్గర కొలిమి నడిపాడు. ఇనుము గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే, తక్కిన సగం శాఖవాళ్ళు శిక్షణలో నేర్పారు. కానిస్టేబుళ్ళు నన్ను ‘ఆచారన్నా’ అని పిలిచేవాళ్ళు. పై అధికారులకు ఉత్త ఆచారిని.

నేను పనిచేసిన దళం పేరు గాని, ఇప్పుడు చెప్పబోయే, ఉప్పు పండించే కొటారు పేరు గాని ఇక్కడ రాయను. ఆ కుటుంబాలవాళ్ళు ఇంకా ఆ తీరంలోనే ఉన్నారు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ఆయుధాలు పెట్టే గదిని పాత మద్రాసు అలవాటు ప్రకారం ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అనేవాళ్ళం. అందులో గోడ పొడుగునా చెక్క స్టాండ్లు, ఒక్కో గాడికి ఒక్కో నంబరు. మాకు ఉన్నవి త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు. చేత్తో బోల్టు లాగి, తోసి, ఒక్కొక్క తూటా పేల్చే రకం. బోల్టు తలుపు గడియ లాంటిది. ముందుకు తోస్తే కింది తూటాల పెట్టెలో, అంటే మ్యాగజీనులో, పైనున్న తూటాను గొట్టం మొదట్లోని గదిలోకి నెడుతుంది. పిడి కిందికి వంచితే ఆ గది మూసుకుంటుంది. మళ్ళీ పిడి ఎత్తి వెనక్కి లాగినప్పుడు, బోల్టు తలకు బిగించి ఉన్న చిటికెన వేలి గోరంత ఉక్కు కొక్కెం తూటా అడుగు అంచును పట్టుకుని బయటికి ఈడుస్తుంది. పేలిన గుల్లయినా, పేలని తూటా అయినా దానికి ఒకటే. ఆ కొక్కేన్నే ఎక్‌స్ట్రాక్టరు అంటారు. అది విరిగిపోయిన రైఫిలు పేలుతుంది గాని ఖాళీ కాదు. గదిలో తూటా అలాగే ఉండిపోతుంది, బోల్టు మాత్రం ఒట్టి చేతులతో వెనక్కి వస్తుంది.

పదిహేడో గాడిలోని రైఫిలు పెంచలయ్య పేర ఉండేది. పెంచలయ్యది మైపాడుకు ఉత్తరంగా సముద్రపొడ్డున ఒక పాలెం. వాళ్ళ పాలెంలో యూనిఫారం వేసుకున్న మొదటివాడు అతనే. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు, మాట తక్కువ. అతనికి జంట మస్తాన్. కొడవలూరులో పరుపులు కుట్టే ఖాసిం సాయిబు కొడుకు. ఇద్దరూ ఒకే బ్యాచిలో చేరారు, ఒకే బ్యారక్‌లో పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్ళు. మస్తాన్ ఉన్నచోట నవ్వులు వినపడేవి. పెంచలయ్య చేపల పులుసు పెడితే మస్తాన్ గిన్నె తుడిచి, ‘ఈడు పోలీసు పనికి రాడుగానీ హోటలు పెడితే బాగుపడతాడన్నా’ అనేవాడు.

1962 వేసవిలో విడవలూరు దాటి సముద్రపు దిక్కుగా ఉన్న ఒక కొటారులో గొడవలు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి ఉన్న మేస్త్రీని తీసేసి యజమాని కొత్తవాణ్ణి పెట్టాడు. కూలీలు మడుల్లోకి దిగేది లేదని కూర్చున్నారు. ఉప్పు దిబ్బలకు కాపలాగా మా దళం నుంచి ఒక గార్డును పంపారు. ఒక హెడ్ కానిస్టేబులు, నలుగురు కానిస్టేబుళ్ళు. హెడ్ పేరు నరసింహులు. నలుగురిలో పెంచలయ్య, మస్తాన్ ఉన్నారు. వాళ్ళ ఐదు రైఫిళ్ళనూ బెల్ ఆఫ్ ఆర్మ్స్ నుంచి బయటికి ఇచ్చి సంతకాలు పెట్టించుకున్నది నేనే.

మే నెలాఖరులో ఒక సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో రిజర్వు ఇన్‌స్పెక్టరు గారు నన్ను పిలిపించారు. ఆయన్ని మేము ఆర్.ఐ. గారు అంటాం. ‘ఆచారీ, పెట్టె తీసుకొని జీపెక్కు. కొటారు గార్డులో రైఫిలు పేలింది. మస్తాన్ పోయినాడు’ అన్నారు. పేల్చింది ఎవరని అడిగాను. చెప్పారు. పెంచలయ్య.

మేం చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. మస్తాన్‌ను అప్పటికే ఎద్దుబండి మీద విడవలూరుకు తీసుకుపోయారు. గార్డువాళ్ళు ఉండే తాటాకు పాకకు వెనకవైపు ఇసుక నల్లగా తడిసి ఉంది. పక్కన కంచు చెంబు ఒకటి పడి ఉంది. పెంచలయ్య గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. బెల్టు, టోపీ అప్పటికే తీసేసుకున్నారు. 

జరిగింది నరసింహులు చెప్పాడు. మధ్యాహ్నం రెండు దాటాక రెండు వందలమంది దాకా కూలీలు గుంపుగా ఉప్పు దిబ్బల మీదికి వచ్చారు. నరసింహులు వరసగా నిలబెట్టి లోడు చేయమన్నాడు. అందరూ చేశారు. కాల్చే అవసరం రాలేదు. దగ్గరి పాలెం పెద్దలు అడ్డం వచ్చి కూలీలకు సర్దిచెప్పి వెనక్కి మళ్ళించారు. గుంపు కనుమరుగయ్యాక తుపాకులు ఖాళీ చేయమన్నాడు. ఖాళీ చేయడానికి ఒక వరస ఉంది. మ్యాగజీను ఊడదీయాలి, బోల్టు లాగాలి, గదిలోని తూటా బయట పడాలి, తర్వాత గదిలోకి కంటితో చూసి, వేలు పెట్టి తడమాలి. చివర బోల్టు మూసి, గొట్టం ఆకాశం వైపు పెట్టి, స్ప్రింగు వదలడానికి ట్రిగ్గరు నొక్కాలి. పెంచలయ్య మ్యాగజీను ఊడదీశాడు. బోల్టు రెండుసార్లు లాగాడు. ఏమీ పడలేదు. గుంపు మీదికి వస్తున్న కంగారులో తను తూటా గదిలోకి ఎక్కించనేలేదు కాబోలు అనుకున్నాడు. బోల్టు మూశాడు. గొట్టం పైకెత్తలేదు. ఎదురుగా పాక తాటాకు గోడ. పాకలో ఎవరూ లేరని తెలుసు. ట్రిగ్గరు నొక్కాడు.

పాకలో నిజంగానే ఎవరూ లేరు. తన తుపాకి అందరికంటే ముందు ఖాళీ చేసిన మస్తాన్ పాక అవతల కుండలో నీళ్ళు ముంచుతున్నాడు. గుండు రెండు తాటాకు గోడలూ దాటి అతని పక్కలో దిగింది.

అప్పటికే స్టేషను సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి పంచనామా రాస్తున్నాడు. ఆయనకు ఇంకో సంగతి కూడా చెవిన పడింది. వారం క్రితం సెలవు దగ్గర ఇద్దరూ పెద్దగా పోట్లాడుకున్నారు. గార్డులో ఒక్కరికే సెలవు దొరుకుతుంది. చెల్లెలి నిఖా ఉందని మస్తాన్ ముందే అడిగి పెట్టుకున్నాడు. పెంచలయ్య భార్యకు నెలలు నిండాయి. మాటా మాటా పెరిగి పెంచలయ్య ‘నీ అంతు చూస్తా’ అన్నాడు. ఆ మాట కొటారు గుమాస్తా కూడా విన్నాడు. సబ్ ఇన్‌స్పెక్టరు దాన్ని మొదటి పేజీలోనే రాసుకున్నాడు. హత్య కేసు కట్టే ఆలోచనలో ఉన్నాడని ఆర్.ఐ. గారు నా చెవిలో చెప్పారు.

రైఫిలు గోనెపట్టా మీద పెట్టి ఉంది. బోల్టు మూసే ఉంది, కాల్చిన తర్వాత ఎవరూ తెరవలేదని రాసి సాక్షుల చేత సంతకాలు పెట్టించాను. ఆర్మరర్ మొదట చేయాల్సింది అది. తర్వాత గొట్టం సముద్రం వైపు తిప్పి, బోల్టు పిడి ఎత్తి మెల్లగా వెనక్కి లాగాను. మంచి రైఫిలైతే కాలిన గుల్ల బోల్టుతో పాటు వచ్చి కుడిపక్కకు ఎగిరి పడాలి. రాలేదు. గదిలోకి చూస్తే గుల్ల అడుగు ఇత్తడి మెరుస్తూ కనపడింది. తుడిచే కడ్డీని గొట్టం మూతి నుంచి దూర్చి గుల్లను వెనక్కి తోశాను. చేతిలోకి తీసుకుని అంచు చూశాను. కొక్కెం పట్టి లాగిన ప్రతి గుల్ల అంచు మీదా చిన్న గీత పడుతుంది. దీని మీద గీత లేదు.

బోల్టు ఊడదీసి తల మర విప్పాను. కొక్కెం మొన లేదు. మొండెం మాత్రమే ఉంది. బోల్టు జారే గాడిలో నూనె జిడ్డుకు అంటుకుని విరిగిన మొన దొరికింది. బియ్యపు గింజకంటే కొంచెం పెద్దది. పట్టకారుతో తీసి తెల్లకాగితం మీద పెట్టి భూతద్దం కింద చూశాను.

ఇనుము ఒక్కసారిగా విరిగితే విరిగిన చోటు, మా మాటలో విరుగు, అంతా ఒకే రంగుగా, కొత్త పటికబెల్లం ముక్కలా మెరుస్తుంది. ముందే చీలి, ఆ చీలికలోకి నూనె, మసి దిగి, కొంతకాలానికి విరిగితే, పాత భాగం నల్లబడి ఉంటుంది, చివర తెగిన భాగం మాత్రమే తెల్లగా ఉంటుంది. నా కాగితం మీది ముక్కలో ముప్పాతిక వంతు నలుపు. అంచున సన్నని తెల్లటి చార. అంటే ఆ కొక్కెం నెలల కిందటే చీలి ఉంది. ఆ మధ్యాహ్నం తూటా ఎక్కించేటప్పుడో, లాగేటప్పుడో చివరి పోగు తెగింది. ఈ రెంటిలో ఏదో నేను అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.

భూతద్దం చేతిలో ఉండగానే నాకు జనవరి నెల గుర్తొచ్చింది. గురి అభ్యాసం ముగిసి, అందరూ రైఫిళ్ళు అప్పగిస్తున్నారు. పెంచలయ్య తన వంతు వచ్చినప్పుడు కదలకుండా నిలబడి అన్నాడు.

‘అన్నా, నా తుపాకి గుల్లని సరిగ్గా లాగడం లా. రెండు మూడు మాట్లు గదిలోనే నిలబడిపోయింది. గోటితో గీకి తీసినా.’

‘ఇసక పడుంటాది. గది తుడిచి నూనె రాయి’ అన్నాను.

‘రాసినానన్నా.’

‘ఇంకోమాటు రాయి’ అని తర్వాతివాణ్ణి పిలిచాను.

అతని వెనక ఇంకా ముప్పైమంది నిలబడి ఉన్నారు. మార్చిలో పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చినప్పుడు, రోజుకు ఇరవైకి మించి చూడకూడని రైఫిళ్ళను ఒక్కరోజులో అరవై చూశాను. నియమం ప్రకారం ప్రతి రైఫిలులోనూ ఐదు డమ్మీ తూటాలు ఎక్కించి, లాగి, కొక్కెం పట్టు చూడాలి. డమ్మీ తూటా అంటే మందు లేనిది. నేను కొన్నిట్లో ఒక్కటే ఎక్కించాను, కొన్నిట్లో అదీ లేదు. పదిహేడో దానిలో ఏం చేశానో గుర్తులేదు. రిజిస్టరులో మాత్రం దాని ఎదురుగా ‘సరి’ అని నా చేతిరాతతోనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆర్.ఐ. గారికి విరుగు సంగతి చెప్పాను. జనవరి సంగతి చెప్పలేదు. ఆయన చాలాసేపు ఆలోచించారు. చెడ్డమనిషి కాదు, తన కింది మనుషులను కాచుకోవాలనుకునేవాడు. ‘ఆచారీ, కొక్కెం విరిగిందని రాయి. అది నిజం. ఎప్పుడు విరిగిందో చెప్పడానికి నువ్వేమన్నా దేవుడివా? నెలల కిందటిదని రాస్తే, మార్చి తనిఖీ ఎవరు చేసినారని అడుగుతారు’ అన్నారు.

మరునాడు మొదటి నివేదిక రాశాను. ఏడు వాక్యాలు. ‘ఎక్‌స్ట్రాక్టరు విరిగి ఉన్నది. విరిగిన కాలము నిర్ణయించుటకు వీలు లేదు’ అన్నవి ఆఖరి రెండు. ముక్కను చిన్న సీసాలో పెట్టి సీలు వేశాను. అది రైఫిలుతో పాటు హైదరాబాదుకు నిపుణుడి దగ్గరికి పోవాలి. వాళ్ళ సమాధానం రావడానికి నెలలు పడుతుందని నాకు తెలుసు. ఈలోగా సబ్ ఇన్‌స్పెక్టరు తన దారిన తను పోతాడనీ తెలుసు. కాల్చిన తర్వాత నేరం కప్పిపుచ్చడానికి పెంచలయ్యే కొక్కెం విరగ్గొట్టి ఉండవచ్చునని ఆయన అన్నట్టు రెండు రోజులకే విన్నాను.

పెంచలయ్యను సబ్ జైలులో పెట్టారు. విచారణకు వచ్చిన అధికారి ముందు అతను చెప్పింది ఒక్క మాటే. ‘నేనే చంపినా సామీ. రాసుకోండి.’ తుపాకి చెడిపోయి ఉందని ముందు ఎవరికైనా చెప్పావా అని ఆ అధికారి అడిగారట. పెంచలయ్య తల అడ్డంగా ఊపాడట. ఆ కబురు నాకు తెచ్చింది నరసింహులు. విన్నప్పుడు నాకు గుండె తేలికపడింది. ఆ తేలికను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, ఊరట. సిగ్గు తర్వాత వచ్చింది.

పెంచలయ్య నా పేరు ఎందుకు చెప్పలేదో ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. నన్ను కాపాడాలనుకున్నాడని నేను అనుకోను. స్నేహితుణ్ణి చంపుకున్నవాడికి మిగతా లెక్కలు గుర్తుండవు. అంతే అయి ఉంటుంది.

పద్నాలుగో రోజు పొద్దున ఒక ముసలాయన బెల్ ఆఫ్ ఆర్మ్స్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. తలగుడ్డ, చొక్కా నిండా దూది పోగులు. కొడవలూరు నుంచి నడిచి వచ్చినట్టు కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

‘ఆచారి గారంటే మీరేనా అయ్యా? నేను మస్తాన్ నాయన్ని.’

లోపలికి పిలిచి స్టూలు వేశాను. కూర్చోలేదు. జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి ఇచ్చాడు. మస్తాన్ చేతిరాత. చనిపోవడానికి ముందురోజు వేసింది. అందులో క్షేమ సమాచారాల తర్వాత ఇలా ఉంది: ‘పెంచలయ్య పెండ్లానికి నెలలు నిండినాయి. వాడు నోరు తెరిచి అడగడు, కొట్లాడతాడు. అందుకని నా లీవు వాడికే ఇచ్చేసినా. హెడ్ గారికి రేపు చెప్తాం. చెల్లి నిఖాకి ముందురోజు వచ్చి ఆ రాత్రికే పోతా. కోప్పడవద్దు.’

‘ఎస్.ఐ. గారికి చూపించినా. కోర్టులో చూసుకోమన్నాడు’ అన్నాడు ఖాసిం సాయిబు. ‘ఆ పిలకాయ మా ఇంటికొచ్చి అన్నం తిన్నోడు. మా వోణ్ణి కావాలని కొడతాడని నేను నమ్మను. ఆ తుపాకి మీరు చూసినారంట గదా. ఒక్క మాట చెప్పండయ్యా. చేసింది ఆ పిలకాయా, తుపాకా?’

‘తుపాకి చెడిపోయి ఉండింది పెద్దాయనా’ అన్నాను.

‘అది చెడిపోయినట్టు ముందు ఎవురికీ తెలీదా?’

నేను బల్ల మీది నూనె గుడ్డ అందుకున్నాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. ఏం అర్థమైందో నాకు తెలియదు. కార్డు తీసుకుని జాగ్రత్తగా మడవకుండా జేబులో పెట్టుకున్నాడు.

‘మా వోడు ఎట్టా రాడు. ఆడ ఆ పిల్లోడి పెండ్లాం ఉండాది. నిన్ననే కాన్పయిందంట, ఆడపిల్ల. దాని మొకం చూడ్డానికైనా వాడు రావాల గదా’ అని మెట్లు దిగాడు.

కొడుకును పోగొట్టుకున్నవాడు, కొడుకును చంపినవాడి కోసం కొడవలూరు నుంచి నెల్లూరు దాకా నడిచి వచ్చాడు. కొక్కెం నెలల కిందటే చీలి ఉందని తెలిసినవాణ్ణి నేను. ఆ సంగతి ముందే నాకు చెప్పారన్నది కూడా తెలుసు. పద్నాలుగు రోజులుగా తలుపు వేసుకుని మిగతా రైఫిళ్ళకు నూనె రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నమే రెండో నివేదిక రాశాను. మొదటిదానిలోని ఆఖరి వాక్యం తప్పని రాశాను. విరుగులో పాత భాగం, కొత్త భాగం బొమ్మ గీసి చూపించాను. ముక్క రైఫిలు లోపలి గాడిలో, జిడ్డు కింద దొరికింది కాబట్టి కాల్చిన తర్వాత ఎవరో విరగ్గొట్టి ఉండే అవకాశం లేదని రాశాను. మార్చి పరీక్ష నేను నియమం ప్రకారం చేయలేదని రాశాను. జనవరిలో పెంచలయ్య నాతో అన్న మాటలను అతను అన్నట్టే రాసి, నేను ఇచ్చిన జవాబునూ రాశాను. ఆ మాటలు విన్న సాక్షి ఒకరున్నారు, అప్పుడు వరసలో వెనక నిలబడ్డవాడు. అతని పేరు కూడా రాశాను. ఆ వెనక నిలబడ్డవాడు మస్తాన్. కాబట్టి చనిపోయినాడు అని పక్కన రాయాల్సి వచ్చింది.

ఆర్.ఐ. గారు కాగితం రెండుసార్లు చదివారు. ‘నీ మెడకు నువ్వే తాడు వేసుకుంటా ఉండావు ఆచారీ’ అన్నారు. కాని చించలేదు, దాచలేదు. అదే రోజు పైకి పంపారు. ఆ సంగతి ఆయన పేర ఇక్కడ చెప్పుకోవాలి.

ఆ తర్వాత పనులు వేగంగానే జరిగాయి. విచారణాధికారి నన్ను పిలిపించి రెండు గంటలు ప్రశ్నించారు. ఖాసిం సాయిబు కార్డును కూడా తెప్పించి ఫైలులో చేర్చారు. హత్య మాట వదిలేసి, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసుగా మార్చారు. వారం తిరక్కుండా పెంచలయ్యకు జామీను దొరికింది. కొన్ని నెలలకు వచ్చిన హైదరాబాదు నిపుణుడి జవాబు కూడా నా రెండో నివేదికతో సరిపోయింది.

కోర్టు అతన్ని దోషిగానే తేల్చింది. గదిలోకి చూడకపోవడం, గొట్టం పైకెత్తకపోవడం అతని తప్పులే, కాదనలేం. జైలులో గడిపిన రోజులనే శిక్షగా సరిపెట్టి వదిలేశారు. శాఖ మాత్రం ఉద్యోగం నుంచి తీసేసింది. నన్ను ఒక ఏడాదిపాటు హెడ్ కానిస్టేబులు నుంచి కానిస్టేబులు స్థాయికి దించారు. భుజం మీది పట్టీలు తీసి ఆర్.ఐ. గారి బల్ల మీద పెట్టాను. ఏడాది తర్వాత అవి నాకు తిరిగి వచ్చాయి. ఒకే రైఫిలు మీద ఇద్దరం తప్పు చేశాం. ఒకరికి ఉద్యోగం పోయింది, ఒకరికి పట్టీలు పన్నెండు నెలలు పోయాయి. ఇందులో న్యాయం ఎంతో నేను ఇప్పటికీ తూచలేను.

1964లో ఇందుకూరుపేట స్టేషను తుపాకుల తనిఖీకి పోయినప్పుడు పని ముగించుకుని పెంచలయ్య పాలేనికి వెళ్ళాను. ఉత్తచేతులతో పోలేదు. ఉద్యోగం తిరిగి ఇవ్వమని పైవాళ్ళకు పెట్టుకునే అర్జీ ఒకటి నేనే రాసి తీసుకుపోయాను, అతని సంతకం ఒక్కటే తక్కువ. అతను ఒడ్డున తెప్ప దుంగలకు తాడు బిగిస్తున్నాడు. ఎండకు నల్లగా కమిలిపోయాడు. నన్ను గుర్తుపట్టి తాడు వదిలి లేచాడు. చాపమీద కూర్చోబెట్టి, భార్య చేత మజ్జిగ ఇప్పించాడు. రెండేళ్ళ పిల్ల తల్లి కొంగు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది.

అర్జీ చదివి వినిపించాను. విని, తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

‘వొద్దన్నా. మళ్ళా తుపాకి ముట్టుకోలేను.’

‘తప్పు నాది గదా పెంచలయ్యా. నువ్వు చెప్పినావు, నేను వినలా. అదే రాసినా ఇందులో.’

అతను సముద్రం వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు.

‘కొటారుకు పొయ్యే ముందు రోజు గూడా అనుకున్నానన్నా, నీకు ఇంకోమాటు చెప్దామని. తలుపు దాకా వచ్చినా. మళ్ళా నూనె రాయమంటావులే అని ఎనక్కి పోయినా. చెప్పుంటే వాడు బతికుండేవాడు. ఆ రెండో మాట నేను చెప్పాల్సింది. చెప్పలా.’

అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాను. మజ్జిగ తాగి, పిల్ల తల నిమిరి, బస్సు వేళకు బయల్దేరాను. ఖాసిం సాయిబు పోయినప్పుడు పెంచలయ్య కొడవలూరు పోయి మట్టి వేసి వచ్చాడని తర్వాతెప్పుడో నరసింహులు చెప్పాడు. పెంచలయ్యను నేను మళ్ళీ చూడలేదు.

పట్టీలు తిరిగి వచ్చిన నాటి నుంచి పదవీ విరమణ దాకా ఇరవై అయిదేళ్ళు అదే పని చేశాను. రిజిస్టరులో శాఖ ఇచ్చిన గడుల పక్కన చేత్తో ఒక గడి ఎక్కువ గీసుకున్నాను. రైఫిలు తెచ్చినవాడు దాని గురించి ఏమన్నాడో అతని మాటల్లోనే అందులో రాసి, ఆ తర్వాతే బోల్టు ముట్టుకునేవాణ్ణి. ‘ఏమీ లేదన్నా, బాగుండాది’ అన్నా అదే రాసేవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ చేత కూడా అలాగే రాయించాను. కొందరు చాదస్తం అనుకున్నారు.

రోజూ ఒకే తుపాకి మోసేవాడికి దాని పట్టు ఎక్కడ తప్పుతోందో భూతద్దంకంటే ముందు తెలుస్తుంది. అతను ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెప్పాల్సి వచ్చిందంటే, తప్పు మొదటిసారి విన్నవాడిది. పెంచలయ్య అది తనదనుకున్నాడు. కాదు. నేను నేర్చుకున్నది ఇంతే. దానికి నష్టపోయినవాళ్ళు మాత్రం వేరే ఇద్దరు.